సున్నా వచ్చేదాకా

సి నేర్చుకునే మొదటి నెలలో దాదాపు అందరికీ ఎదురయ్యే ప్రోగ్రాం ఒకటుంది. అయిదు గదుల క్యారెక్టర్ అర్రే తీసుకుని, అందులో ఇంగ్లిష్ 'హలో' పెట్టి, ప్రింట్‌ఎఫ్‌తో తెర మీద చూపించమనడం. హెచ్, ఇ, ఎల్, ఎల్, ఓ. అయిదు అక్షరాలు, అయిదు గదులు, లెక్క సరిపోయింది. కంపైలర్ కూడా మామూలుగా కిక్కురుమనదు. రన్ చేస్తే హలో వస్తుంది. దాని తోకలా ఇంకేదో కూడా వస్తుంది. పాత టర్బో సి నీలం తెర మీదైతే నవ్వుమొహాలు, జంటగీతల పెట్టెలు, పేకముక్కల గుర్తులు. పేకముక్కలు ఎక్కడివంటే, డాస్ అక్షరాల పట్టికలో 3 నుంచి 6 దాకా అంకెలకి వరసగా ఆటీను, డైమను, కళావరు, ఇస్పేటు బొమ్మలుండేవి. ఆ తోకలో 7 గనక తగిలితే బొమ్మేమీ రాదు, కంప్యూటర్ బీప్‌మంటుంది.

ఏంటిది అనడిగితే ల్యాబుల్లో వచ్చే జవాబు ఒకటే: గార్బేజ్ వాల్యూ. ఇది జవాబు కాదు, పేరు మాత్రమే. కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల ఆ మాటని రికార్డులో రాసుకుని, అయిదుని ఆరు చేసి, అవుట్‌పుట్ బాగుపడిందని సంతోషించి ముందుకెళ్లిపోతుంది. ఆరు చేస్తే ఎందుకు బాగుపడింది? అయిదక్షరాల మాటకి ఆరో గది ఎవరికోసం? ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే ఓ యాభై అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు జరిగిందేమిటో చూద్దాం. సి భాషలో 'మాట' అనే వస్తువు లేదు. ఉన్నవి బైట్లు, అంటే 0 నుంచి 255 దాకా అంకెలు, వరసగా మెమరీలో. ప్రింట్‌ఎఫ్‌కి మనం మాటని ఇవ్వం. మాట ఎక్కడ మొదలవుతుందో ఆ చిరునామా ఇస్తాం, అంతే. ఎక్కడ ఆగాలో చెప్పం. సున్నా విలువ ఉన్న బైట్ కనబడేదాకా చదువుకుంటూ పోవాలన్నది ఒప్పందం. ఆరో గది ఆ సున్నాది. గది లేకపోతే సున్నా లేదు, సున్నా లేకపోతే ఆగడం లేదు. పక్క గదిలో ఇంకో వేరియబుల్ ఉందా, పాత ఫంక్షన్ వదిలేసిన చిరునామా ఉందా అని ప్రింట్‌ఎఫ్ చూడదు. అన్నీ అక్షరాలే అనుకుని అచ్చేస్తూ పోతుంది, ఎక్కడో ఒక సున్నా తగిలేదాకా.

కొన్నిసార్లు అయిదు గదులకి పక్కనే అదృష్టవశాత్తూ సున్నా ఉంటుంది. అప్పుడు అవుట్‌పుట్ శుభ్రంగా వస్తుంది. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైన అవుట్‌పుట్. వారం తర్వాత ఎక్కడో సంబంధం లేని వేరియబుల్ ఒకటి చేరిస్తే పాత హలోకి తోక మొలుస్తుంది. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఆ అయిదు గదుల ప్రోగ్రాం సి నిబంధనల ప్రకారం తప్పే కాదు. అక్షరాలు సరిగ్గా పట్టి సున్నాకి చోటు మిగలకపోతే సున్నాని వదిలేయొచ్చని సి ప్రమాణమే ఒప్పుకుంటుంది. దాని తమ్ముడు సి ప్లస్ ప్లస్ మాత్రం ఒప్పుకోదు, అక్కడ అదే వాక్యం ఎర్రర్.

ఈ చెత్తకి దేశాన్ని బట్టి రూపం కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ విజువల్ సి కంపైలర్ డీబగ్ పద్ధతిలో నడిచేటప్పుడు, స్టాక్‌లో ఇంకా విలువ ఇవ్వని చోట్లన్నీ 204 అనే అంకెతో నింపుతుంది. ఇంటెల్ ప్రాసెసర్‌కి 204 అంటే 'ఇక్కడ ఆగు' అనే ఆజ్ఞ. పొరపాటున ఆ చోటుని కోడ్‌లాగా నడిపిస్తే వెంటనే దొరికిపోవాలని ఆ ఎంపిక. సున్నా మరిచిపోయిన స్ట్రింగ్‌ని చైనాలో అచ్చేస్తే రెండేసి 204లు కలిసి ఒక చైనా అక్షరం అవుతాయి. 'థాంగ్' అని దాని ఉచ్చారణ, కాలిపోయేంత వేడి అని అర్థం. తెర నిండా వేడి వేడి వేడి! హీప్ మెమరీకి వాడే 205 అయితే 'థున్' అనే ఇంకో అక్షరం. అక్కడి ప్రోగ్రామర్ల తరంలో ఇదొక ఉమ్మడి జోకు. మనకి నవ్వుమొహాలు వచ్చిన చోట వాళ్లకి సెగ తగిలింది.

సరే, ఈ సున్నా ఎక్కడిది?

అక్షరాలకి అంకెలిచ్చిన అమెరికన్ పట్టిక ఆస్కీ 1963లో వచ్చింది. అందులో మొదటి స్థానం, సున్నా, 'నల్' అనేదానికి. అంటే ఏమీ లేదని. దీని పుట్టుక కాగితపు టేపులో ఉంది. అప్పట్లో టెలిటైప్ యంత్రాలు టేపు మీద అడ్డంగా చిల్లులు పొడిచి అక్షరాన్ని రాసేవి. ఒక్క చిల్లూ లేని వరస అంటే సున్నా, అంటే ఉత్త కాగితం. పట్టికలో చివరిది 127, ఏడు చోట్లా చిల్లులే. దాని పేరు డిలీట్. ఎందుకంటే పొడిచిన చిల్లుని పూడ్చలేం. తప్పు అక్షరం పడితే టేపు వెనక్కి జరిపి మిగతా చోట్ల కూడా పొడిచేసేవాళ్లు. ఇవాళ కీబోర్డు మీద డిలీట్ నొక్కినప్పుడల్లా మనం నిజానికి ఒక కాగితాన్ని తూట్లు పొడుస్తున్నాం. స్ట్రింగ్ చివర సున్నా పెట్టడమంటే ఉత్త కాగితం దగ్గర ఆగమనడం. (మన 'సున్నా'తో ఓ చిన్న చిక్కు ఉంది, తెలుగులో అదొక అక్షరం కూడా. ఇక్కడ చెబుతున్న సున్నా ఆ పూర్ణబిందువు కాదు, కీబోర్డు మీద నొక్కే సున్నా అంకె కూడా కాదు. కీబోర్డు సున్నాకి ఆస్కీలో 48.)

అయితే ఆస్కీలో నల్ ఉన్నంత మాత్రాన మాటలన్నీ దాంతోనే ముగియాలని లేదు. సి తాత బీసీపీఎల్. మార్టిన్ రిచర్డ్స్ 1967లో తయారుచేసిన భాష. అందులో మాట మొదట్లోనే దాని పొడవు రాసి ఉండేది. 'అయిదు' అని ముందు చెప్పి తర్వాత అయిదక్షరాలు. చదివేవాడికి ఎక్కడ ఆగాలో ముందే తెలుసు. దాన్ని కుదించి బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ బి భాష చేశాడు. డెనిస్ రిచీ దాన్నే పెంచి 1970ల మొదట్లో సి చేశాడు. పొడవు పోయి, 'ఇక్కడితో సరి' అనే గుర్తు వచ్చింది బిలోనే. కాకపోతే అక్కడ ఆ గుర్తు సున్నా కాదు, ప్రసారం ముగిసిందని చెప్పే వేరే ఆస్కీ సంకేతం. సికి వచ్చేసరికి సున్నా అయింది.

ఎందుకు మార్చారు? 1993లో సి చరిత్ర రాస్తూ రిచీ రెండు కారణాలు చెప్పాడు. ఒకటి, పొడవుని ఎనిమిదో తొమ్మిదో బిట్ల గదిలో పెడితే మాట ఎంత పొడుగుండొచ్చో దానికో హద్దు వచ్చేస్తుంది. రెండు, ప్రతిసారీ లెక్క సరిచూసుకుంటూ ఉండటం కన్నా చివర గుర్తు పెట్టుకోవడమే తమ అనుభవంలో సులువనిపించింది. అంతే. పెద్ద సిద్ధాంతమేమీ లేదు. ఇద్దరు ముగ్గురు మనుషులకి ఒక చిన్న యంత్రం మీద ఏది వీలుగా ఉందో అది.

యంత్రం నిజంగానే చిన్నది. యూనిక్స్ నడిచిన మొదటి పీడీపీ-11కి మెమరీ 24 కిలోబైట్లు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మ అందులో పట్టదు. ఆ యంత్రంలో ఒక బైట్‌ని కదిలించే ఆజ్ఞే, కదిలిన బైట్ సున్నానా కాదా అనేది కూడా పక్కన గుర్తు పెట్టి ఉంచుతుంది. అంటే ఒక మాటని ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసే లూప్‌కి రెండు ఆజ్ఞలు చాలు: బైట్ కదిలించు, సున్నా కాకపోతే వెనక్కి వెళ్లు. దీన్ని చూసి, సిలో ఉన్న జంట ప్లస్ గుర్తు కూడా పీడీపీ-11 కోసమే పుట్టిందని చాలామంది చెబుతుంటారు. అది కుదరదు. ఆ యంత్రం రాకముందే బిలో థాంప్సన్ దాన్ని పెట్టేశాడని రిచీయే రాశాడు.

మొదటి హలో కథ కూడా ఇక్కడిదే. 'హలో వరల్డ్' అనగానే కెర్నిగన్, రిచీల 1978 నాటి సి పుస్తకం గుర్తొస్తుంది కానీ, కెర్నిగన్ అంతకన్నా ముందే బి భాషకి రాసిన పాఠంలో ఆ మాట ఉంది. బిలో ఒక అక్షర స్థిరాంకంలో నాలుగక్షరాలకి మించి పట్టవు. అందుకని ఆ పాఠంలో హలో వరల్డ్‌ని నాలుగేసి అక్షరాల ముక్కలుగా కోసి, మూడు వేరియబుల్స్‌లో పెట్టి, ఒక్కొక్కటీ అచ్చేశాడు. మొదటి నాలుగక్షరాలు విడిగా చదివితే ఇంగ్లిష్‌లో నరకం. ప్రపంచానికి ప్రోగ్రామర్లు చెప్పిన మొదటి నమస్కారం అలా మొదలైంది. అక్షరం, మాట, పొడవు అనేవి భాష ఇచ్చే సౌకర్యాలు కావనీ, యంత్రం గదుల కొలతల్ని బట్టి మనిషి సర్దుకోవాల్సినవనీ ఆ ప్రోగ్రాం చూస్తేనే అర్థమవుతుంది.

ఈ సర్దుబాటు ఖరీదు తర్వాత తెలిసొచ్చింది. 1988 నవంబర్ 2న రాబర్ట్ టాపన్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన వర్మ్ ఇంటర్నెట్‌ని స్తంభింపజేసింది. అది వాడుకున్న దారుల్లో ఒకటి గెట్స్ అనే ఫంక్షన్. ఎంత పొడుగు వాక్యం వచ్చినా తీసుకుని, ఇచ్చిన గదిలో కుక్కేయడం దాని పని. ఫింగర్ అనే సర్వీసులో ఉన్న గది 512 బైట్లది, వర్మ్ పంపింది 536. ఆ కుర్రాడి తండ్రి, ఆయన పేరూ రాబర్ట్ మోరిసే, బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మీద పనిచేసినవాడు. గెట్స్‌ని సి ప్రమాణం నుంచి తీసేసింది 2011లో. ఇరవై మూడేళ్లు! అన్నేళ్లూ మన ల్యాబ్ మాన్యువల్స్‌లో 'పేరు చదువు' అనే ప్రోగ్రాంలో గెట్స్ హాయిగా ఉంది. ఇప్పటికీ కొన్నిట్లో ఉంది.

అదే 2011లో పౌల్ హెన్నింగ్ కాంప్ అనే డెన్మార్క్ ప్రోగ్రామర్ ఒక వ్యాసంలో, చివర సున్నా పెట్టాలన్న ఈ నిర్ణయాన్నే అన్నిటికన్నా ఖరీదైన ఒక్క బైట్ పొరపాటు అన్నాడు. పొడవు ముందే రాసుకుని ఉంటే ఇంకో బైట్ ఖర్చయ్యేది, దానికి బదులు ఇన్ని దశాబ్దాల భద్రతా లోపాలు తప్పేవని ఆయన వాదన. చదివినప్పుడు తల ఊపాను. తర్వాత ఊపలేకపోయాను, రెండు కారణాల వల్ల.

మొదటిది, పొడవు కూడా అబద్ధం చెప్పగలదు. 2014 ఏప్రిల్ 7న బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపంలో సున్నా పాత్ర ఏమీ లేదు. అక్కడ సందేశంతోపాటు దాని పొడవు కూడా పంపుతారు, అవతలి సర్వర్ ఆ సందేశాన్నే తిరిగి పంపాలి. చిన్న సందేశం పంపి దాని పొడవు 64 కిలోబైట్లని చెబితే, ఓపెన్ ఎస్ఎస్ఎల్ నమ్మేసి పక్కన మెమరీలో ఉన్నదంతా కలిపి పంపేసింది. పాస్‌వర్డ్‌లు, రహస్య తాళాలతో సహా. అది అచ్చంగా మన పిల్ల ల్యాబ్‌లో చూసిన 'హలో తోక'. అక్కడ నవ్వుమొహాలు, ఇక్కడ బ్యాంకు తాళాలు. గుర్తు చివర పెట్టినా లెక్క ముందు రాసినా అది ఒప్పందమే, ఎవరో ఒకరు సరిచూడాల్సిందే.

రెండోది మన గొడవ. ఆ కాలంలో పొడవు పద్ధతంటే ఒక బైట్ పొడవు. టర్బో పాస్కల్‌లో అలాగే ఉండేది, మాట 255 బైట్లు దాటకూడదు. ఇవాళ్టి తెలుగు ఒక్కో సంకేతానికి మూడు బైట్లు తీసుకుంటుంది (ఎందుకో ముందు చెప్తాను). 255లో 85 సంకేతాలు పడతాయి. ఉత్పలమాల పద్యం పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకి 80. మధ్యలో ఖాళీలు లెక్కేయకుండా, ఒక్క గుణింతమూ ఒక్క ఒత్తూ లేదనుకున్నా 240 బైట్లు. మిగిలిన 15 బైట్లలో అయిదు గుణింతపు గుర్తులు. మొదటి పాదం సగానికే అవి అయిపోతాయి. రిచీ హద్దు గురించి భయపడింది ఉత్పలమాల కోసం కాదు గానీ, ఆ భయం మనకి పనికొచ్చింది.

ఇక తెలుగు ఈ ఒప్పందంలోకి ఎలా వచ్చిందో చూద్దాం. 1990లలో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు యూజ్‌నెట్ చర్చాబృందాల్లో తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసుకునేవాళ్లు. దానికో కట్టుబాటు ఉండేది, రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చిన ఆర్‌టీఎస్: చిన్న 'టి' అయితే త, పెద్ద 'టి' అయితే ట. ఆస్కీ దాటలేదు కాబట్టి ఏ సి ప్రోగ్రామూ దాన్ని పాడుచేయలేదు. మరోపక్క మన పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకున్నాయి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి అచ్చేయడం. ఫాంటు ఉంటే వార్త, లేకపోతే చెత్త. ఒక పత్రిక నుంచి కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే ల్యాబ్ అవుట్‌పుట్‌కి తీసిపోని గార్బేజ్ వచ్చేది. ఈ ఫాంట్లన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికే ఫైర్‌ఫాక్స్‌కి 'పద్మ' అనే తోడు ప్రోగ్రాం ఉండేది.

ప్రభుత్వం తరఫున వచ్చింది ఇస్కీ, 1991 నాటి భారతీయ ప్రమాణం. ఇంగ్లిష్‌ని 128 లోపల అలాగే ఉంచి, పై 128లో భారతీయ అక్షరాలు సర్దారు. అందమైన ఆలోచన ఏమిటంటే, 'క' ఏ లిపిలో ఉన్నా దాని అంకె ఒక్కటే. లిపి మార్చడమంటే వేషం మార్చడమే. అదే ఏడాది వచ్చిన మొదటి యూనికోడ్ ఈ వరసనే తీసుకుని, లిపికొక పేట కేటాయించింది. దేవనాగరి 'క' 2325, తెలుగు 'క' 3093. తేడా 768. 'త'కి చూసినా అదే 768. ఇస్కీ వేసిన ముగ్గు ఇంకా చెరిగిపోలేదు.

కానీ మూడు వేల పైచిలుకు అంకె ఒక బైట్‌లో పట్టదు. అప్పటి యూనికోడ్ ఆలోచన, అక్షరానికి రెండు బైట్లు. ఇక్కడే సి అడ్డం తిరుగుతుంది. ఇంగ్లిష్ 'హెచ్'ని రెండు బైట్లలో రాస్తే 0, 104. మొదటి బైటే సున్నా! ప్రింట్‌ఎఫ్ మొదటి అక్షరం దగ్గరే 'మాట అయిపోయింది' అనుకుంటుంది. మరి తెలుగు సంగతి? తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైట్ 12. ఆస్కీలో 12 అంటే ప్రింటర్‌కి 'కొత్త పేజీ తియ్యి' అని. రెండో బైట్ ఇంకా సరదా. 'ఊ'కి అది 10, అంటే కొత్త లైను. 'య'కి 47, అంటే యూనిక్స్‌లో ఫోల్డర్ల మధ్య పెట్టే ఏటవాలు గీత. 'మాయాబజార్' అని ఫైలుకి పేరు పెడితే 'యా' దగ్గర తెగి, రెండో సగం కోసం లేని ఫోల్డర్‌లో వెతుకుతుంది.

నిజంగా ఇదే బాధ, ఫైలు పేర్ల బాధ, 1992లో ఒక ప్రమాణాల కమిటీని పట్టుకుంది. వాళ్ల దగ్గరొక పథకం ఉంది, థాంప్సన్‌నీ రాబ్ పైక్‌నీ ఓసారి చూడమన్నారు. ఆ సెప్టెంబర్‌లో ఒక రాత్రి న్యూజెర్సీలో ఓ చిన్న హోటల్లో భోజనం చేస్తూ, పళ్లెం కింద వేసే కాగితం మీద థాంప్సన్ ఇంకో పథకం గీశాడని పైక్ తర్వాత చెప్పాడు. ఆ వారం ముగిసేసరికి వాళ్ల ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టం మొత్తం దాని మీద నడుస్తోంది. ఇవాళ దాని పేరు యూటీఎఫ్-8. 1993 జనవరిలో వాళ్లు సమర్పించిన పత్రానికి పేరేమిటో తెలుసా? మూడు భాషల్లో 'హలో వరల్డ్'.

పథకం గుట్టు ఇది: 128 లోపు బైట్ ఎక్కడ కనబడినా అది ఆస్కీ అక్షరమే. మిగతా ప్రపంచంలోని అక్షరాలన్నీ 128, ఆ పైన ఉన్న బైట్లతోనే రాయాలి. కాబట్టి ఏ తెలుగు అక్షరం లోపలా సున్నా రాదు, ఏటవాలు గీత రాదు, కొత్త పేజీ రాదు. 'త' అంటే 224, 176, 164. అయితే ఈ పద్ధతిలో 2047 దాకా ఉన్నవాటికే రెండు బైట్లు. మన పేట 3072 దగ్గర మొదలవుతుంది కాబట్టి మూడు. అరబిక్‌కి రెండు, తెలుగుకి మూడు. కాస్త అన్యాయమే.

కానీ ఒక్కసారి ఆగి చూస్తే, ల్యాబ్‌లో పిల్లని ఏడిపించిన సున్నా ఒప్పందమే యూటీఎఫ్-8కి ఆ ఆకారాన్నిచ్చింది. అప్పటికే సిలో లక్షల కొద్దీ లైన్ల కోడ్ సున్నా కోసం చూస్తూ కూర్చుంది. దాన్ని తిరగరాయలేక, దానికి అనుకూలంగా అక్షరాలనే మలిచారు. దాని ఫలితంగా తెలుగు అన్నదే ఎరుగని 1978 నాటి పుస్తకంలోని కాపీ లూప్, ఒక్క లైను మార్చకుండా, ఇవాళ పోతన పద్యాన్ని క్షేమంగా కాపీ చేస్తుంది. తెలుగు సిలోకి దొడ్డిదారిన వచ్చిందనొచ్చు. నాకైతే ఆ దారే రాజమార్గంలా కనిపిస్తుంది.

కాపీ వరకే సుమా. లెక్కపెట్టమంటే మళ్లీ మొదటికొస్తుంది. 'తెలుగు' అనే మాట పొడవు స్టర్‌లెన్‌ని అడిగితే 18 అంటుంది. యూనికోడ్ లెక్కలో ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఒకటో తరగతి పిల్లాడి లెక్కలో మూడు. ముగ్గురూ కరెక్టే, ముగ్గురూ వేర్వేరు వస్తువుల్ని లెక్కపెడుతున్నారు. బైట్లని అంకెలుగా అచ్చేసి చూద్దామంటే 'త' స్థానంలో మైనస్ 32, మైనస్ 80, మైనస్ 92 వస్తాయి. మన కంప్యూటర్లలో చార్ సాధారణంగా మైనస్ 128 నుంచి 127 దాకానే కాబట్టి, 127 దాటినదంతా అప్పు ఖాతాలో పడుతుంది. ఇక ఈ బైట్లని యూటీఎఫ్-8 అని తెలియని విండోస్ ప్రోగ్రాం పాత పశ్చిమ యూరప్ పట్టికతో చదివితే వచ్చే చెత్తని మనలో చూడనివాళ్లు ఉండరు: తల మీద వాలుగీత ఉన్న ఇంగ్లిష్ 'ఎ', పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్లీ అదే 'ఎ'. ఆ పట్టికలో 224 ఆ 'ఎ', 176 డిగ్రీ, 177 ప్లస్-మైనస్. తెలుగు సంకేతం ఏదైనా 224తో మొదలై తర్వాత 176 గానీ 177 గానీ వస్తుంది. కాబట్టి ఆ జంటలు కనిపిస్తే, చదవలేకపోయినా, అది తెలుగేనని గుర్తుపట్టొచ్చు.

ల్యాబ్‌లో ఇంకో తప్పనిసరి ప్రోగ్రాం పాలిండ్రోం. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉందా అని చూడటం. తెలుగులో దీనికి ఉదాహరణ ఎవరినడిగినా చెబుతారు: వికటకవి. దాన్ని ఆ ప్రోగ్రాంకిస్తే 'కాదు' అంటుంది. 21 బైట్లని తిరగేస్తే ఏ అక్షరమూ కాని ముక్కలొస్తాయి. సరే బైట్లు వద్దు, యూనికోడ్ సంకేతాలే తిరగేద్దాం అంటే, ఏడింటిలో మొదట వచ్చేది గుడి, దాని వెనక 'వ'. ఆధారం లేని గుడి గాల్లో వేలాడుతుంది. ఇదీ కాదు. వి, క, ట, క, వి అని అయిదు ముక్కలుగా విడదీయగలిగితేనే తెనాలి రామకృష్ణుడి బిరుదు నిలబడుతుంది. ఆ అయిదుని అక్షరాలంటాం. సిలో 'చార్' అనేదాన్ని పాఠ్యపుస్తకాలు అక్షరం అని అనువదిస్తాయి గానీ, అది అక్షరం కాదు, అక్షరంలో మూడో వంతు కూడా సరిగా కాదు.

ఈ అక్షరం అనే ముక్కని పట్టుకోవడం పెద్ద కంపెనీలకీ కష్టమే అయింది. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లలో యాప్‌లని కూల్చేసింది. జ్ఞానంలో ఉండే 'జ్ఞా' అది, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతంతో కలిపి. జ, పొల్లు, ఞ, ఆ కనబడని సంకేతం, దీర్ఘం: అయిదు సంకేతాలు, 15 బైట్లు, కంటికి ఒక్క అక్షరం. మెసేజ్‌లో వస్తే మెసేజ్ యాప్ పడిపోయేది. ఇక్కడ తప్పు సున్నాది కాదు, సంకేతాల్ని పేర్చి బొమ్మగా గీసే పొరది. ఆ నెలలోనే 11.2.6తో ఆపిల్ సరిచేసింది. జోకులు మాత్రం చాలాకాలం నడిచాయి, తెలుగు జ్ఞానం తట్టుకోలేకపోయిందని.

ఆ ముక్కలెలా విడదీయాలో యూనికోడ్‌కి రాతపూర్వకమైన నియమాలున్నాయి. చాలా కాలం పాటు అవి పొల్లు దగ్గర కత్తెర వేసేవి, అంటే ఒత్తక్షరాన్ని రెండు ముక్కలనేవి. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 15.1 కూర్పులో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకి ఆ కత్తెర తీసేశారు. అంతకుముందు 'రామకృష్ణ'లో రా, మ, కృ, ష్, ణ అని అయిదు ఉండేవి. ఇప్పుడు రా, మ, కృ, ష్ణ, నాలుగు. స్టర్‌లెన్ మాత్రం అప్పుడూ ఇప్పుడూ 24 అనే అంటోంది.